సీసా వెనక్కి తిప్పి చూడు

చిరంజీవి అమ్ములుకు, పెదనాన్న ఆశీస్సులు.

నీ చుండ్రుకి ఏ షాంపూ మంచిదో చెప్పమంటూ నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు సీసాల ఫొటోలు అందాయి. మొదట అన్నీ ముందువైపే తీసి పంపావు. అక్కడ ఉండేది కంపెనీవాడి ముచ్చట: వేపాకు బొమ్మ, నిగనిగలాడే జడ, చుండ్రు నూటికి నూరుపాళ్లు మాయం అని పెద్దక్షరాలు, ఆ అక్షరాల పక్కన ఓ చిన్న చుక్క గుర్తు. ఆ గుర్తు పట్టుకుని కిందికి వెళ్తే, క్రమం తప్పకుండా వాడితేనే అనీ, కంటికి కనబడే పొట్టు మాత్రమే అనీ చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మెడికల్ షాపు కౌంటర్ వెనక ఉన్నన్నాళ్లూ చూశాను, ముందువైపు చూసి కొన్నవాళ్లు నెల తిరక్కుండా ఇంకో రంగు సీసా కోసం వచ్చేవాళ్లు. అందుకే నీచేత వెనకవైపు కూడా ఫొటోలు తీయించాను.

చుండ్రు ఎందుకొస్తుందో తెలిస్తే సీసా వెనక ఉండే పదార్థాల పేర్ల పట్టీ సగం అర్థమవుతుంది. అందరి మాడు మీదా మలసీజియా అనే సూక్ష్మమైన ఫంగస్ ఉంటుంది. 1874లోనే చుండ్రు పొట్టులో దీన్ని గమనించి వర్ణించిన ఫ్రెంచి డాక్టరు మలసే పేరే దానికి పెట్టారు. మాడులోంచి ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డును విరగ్గొట్టి కొంత తిని, ఒలీక్ ఆమ్లం లాంటివి మిగులుస్తుంది. కొందరి చర్మానికి అవి పడవు. దురద పుడుతుంది, చర్మం తొందర తొందరగా పొట్టు రాలుస్తుంది. అంటే మాడు పొడిబారిందని మీ నాయనమ్మ రాత్రిళ్లు గిన్నెడు నూనె పట్టించడం ఆ ఫంగస్‌కి విస్తరి వేయడమే. ఆమెతో ఈ మాట నేను చెప్పానని అనకు. నూనె లేనిదే ఉండలేనంటే జుట్టు చివళ్లకి రాసుకుని, ఆ రోజే తలంటుకో.

ఇక సీసాలు. వెనకవైపు నువ్వు వెతకాల్సింది ఒకే ఒక్క పేరు, ఆ ఫంగస్‌ని అణిచే మందు పేరు. మిగతా ఇరవై పేర్లలో నీళ్లు, నురగనిచ్చే సోడియం లారెత్ సల్ఫేట్, కొబ్బరి నుంచి తీసే కోకమిడోప్రొపైల్ బీటైన్, జుట్టు మెత్తబడ్డానికి డైమెథికోన్, చిక్కదనానికి ఉప్పు, వాసనకి పర్ఫ్యూమ్, పాడవకుండా ప్రిజర్వేటివ్‌లు ఉంటాయి. ఇవి ఏ షాంపూలోనైనా ఉండేవే. సల్ఫేట్ లేదు అని గొప్పగా వేసినంత మాత్రాన చుండ్రుకి ఒరిగేదేమీ లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకో: షాంపూ మార్చాక దురద తగ్గకపోగా ఎక్కువైతే, మందుని అనుమానించేముందు పర్ఫ్యూమ్‌నీ మిథైల్‌ఐసోథయాజొలినోన్ అనే ప్రిజర్వేటివ్‌నీ అనుమానించు.

మొదటిది, ఆ పెద్ద తెల్ల సీసా. అందులో జింక్ పైరిథియోన్ 1 శాతం ఉంది. కొన్ని సీసాల మీద దీన్నే జెడ్‌పీటీవో అని వేస్తారు. ఇది నీళ్లలో దాదాపు కరగని తెల్లటి పొడి. కడిగేశాక కూడా కొంత మాడుని అంటిపెట్టుకుని పనిచేస్తుంది. అందుకే ఈ షాంపూలు పాలలా తెల్లగా ఉంటాయి, అద్దంలా పారదర్శకంగా ఉండవు. వాడేముందు సీసా ఒకసారి కుదుపు. తేలికపాటి చుండ్రుకి ఇది చాలు.

యూరప్‌లో నిషేధించారని అన్నయ్య జర్మనీ నుంచి భయపెట్టాడన్నావు. నిషేధం నిజమే, 2022 మార్చి 1 నుంచి అక్కడి కాస్మెటిక్స్‌లో ఇది వాడకూడదు. సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో దీన్ని చేర్చారు. అలా చేరిందంటే అక్కడి చట్టం ప్రకారం, వేరే ప్రత్యామ్నాయమే లేదని రుజువు చేస్తే తప్ప వాడనివ్వరు. ప్రత్యామ్నాయాలు ఉన్నాయి కాబట్టి ఆగిపోయింది. కానీ కడిగేసే షాంపూలో 1 శాతం వరకూ సురక్షితమేనని యూరప్ శాస్త్రీయ కమిటీయే అంతకుముందు 2020లో చెప్పింది. అమెరికాలో ఇప్పటికీ చుండ్రు షాంపూల్లో అనుమతి ఉంది. నా మటుకు నేను నిన్ను ఆపను.

అన్నయ్య పంపిన సీసాలో ఉన్నది పైరోక్టోన్ ఒలమైన్, పైన చెప్పిన ప్రత్యామ్నాయాల్లో ఒకటి. ఇది షాంపూలో కరుగుతుంది, అందుకే ఆ సీసాలో ద్రవం నీళ్లలా తేటగా కనిపిస్తోంది. పట్టీలో చివరికెక్కడో ఉందని కంగారు పడకు. ఎక్కువున్నది ముందు రాయాలన్న నియమం 1 శాతం దాటినవాటికే, ఆ కిందివాటిని ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. మన దేశంలోనూ అదే పద్ధతి. సౌమ్యమైన మందు, రోజు విడిచి రోజు తలంటుకునేవాళ్లకి పనికొస్తుంది.

నీ రూమ్మేట్ ఇచ్చిన నారింజ రంగు సీసాలో సెలీనియం సల్ఫైడ్ 2.5 శాతం. గట్టి మందే, జిడ్డు చుండ్రుకి బాగా పనిచేస్తుంది. కాకపోతే వాసన భరించాలి. ఉంగరాలు, గాజులు, చెవిపోగులు తీసి పక్కన పెట్టాలి, లేకపోతే లోహం రంగు మారుతుంది. జుట్టుకి రంగు వేయించుకున్నావు కదా, అది కూడా చెడవచ్చు. ఈ సీసా రూమ్మేట్‌కి తిరిగిచ్చెయ్యి.

నాలుగోది ఆకుపచ్చ సీసా. పట్టీ రెండుసార్లు చదివాను. వేప సారం, నిమ్మ సారం, మెంతి సారం ఉన్నాయి గానీ నేను చెప్పిన ఏ మందూ లేదు. మురికి వదులుతుంది, మంచి వాసనొస్తుంది, అంతే.

నాకైతే నీకు ఈ నాలుగూ కాక ఐదోది కావాలనిపిస్తోంది. దురద రాత్రి నిద్ర చెడగొడుతోందని, కనుబొమ్మల్లోనూ ముక్కు పక్కనా కూడా పొట్టు లేస్తోందని రాశావు. అలాంటప్పుడు కెటోకొనజోల్ 2 శాతం షాంపూ మేలు. మెడికల్ షాపులో దొరుకుతుంది, చాలావరకు గులాబీ రంగులో ఉంటుంది. మందు కాబట్టి లేబుల్ మీద శాతం ఖాయంగా ఉంటుంది. కెటోకొనజోల్ కాలేయానికి చెడ్డదని నెట్‌లో చదివి బెదిరిపోకు, ఆ గొడవ మాత్రలది. 2013లో అమెరికా, యూరప్ సంస్థలు కట్టడి చేసింది నోటితో మింగేవాటిని. తలకి పట్టించి కడిగేసినది రక్తంలోకి వెళ్లేది లెక్కలోకి రానంత.

పైరిథియోన్ 1 శాతం కంటే కెటోకొనజోల్ 2 శాతం రెట్టింపు అనుకోకు. వేరువేరు మందుల శాతాలు పోల్చడం మిరపకాయ ఘాటునీ చింతపండు పులుపునీ ఒకే తూకానికి పెట్టినట్టు. ఒకే మందు రెండు సీసాల్లో ఉన్నప్పుడు పోల్చు, చాలు. ధర కూడా అంతే. ఒక తడవకి 10 మి.లీ. అనుకుంటే వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలకి 80 మి.లీ. అవుతుంది. 100 మి.లీ. సీసా ఒకటి కొంటే మొత్తం కోర్సు వెళ్లిపోతుంది. రోజూ శాషేలు చింపేదానికంటే దండగేమీ కాదు.

చాలామందికి మందు సరైనదే దొరుకుతుంది, వాడకంలో పోతుంది. పోసిన అర నిమిషంలో కడిగేస్తే ఏ మందైనా కాలవలోకే. ముందు మామూలు షాంపూతో జిడ్డు, మురికి వదిలించు. రెండోసారి మందు షాంపూ మాడుకి వేళ్ల కొసలతో పట్టించి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచు. గోళ్లతో గీకవద్దు. మీ హాస్టల్లో బోరునీళ్లు కాబట్టి నురగ తక్కువొస్తుంది. నురగ రాలేదని ఇంకా ఇంకా పోయకు, కడగడం మాత్రం ఎక్కువసేపు కడుగు. కండిషనర్ జుట్టు పొడవుకే, మాడుకి వద్దు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. తగ్గాక మానేస్తే ఫంగస్ మళ్లీ పెరుగుతుంది, కాబట్టి తర్వాత వారానికో రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉండు.

శాలిసిలిక్ యాసిడ్, తారు (కోల్‌టార్) ఉన్న షాంపూల సంగతి నువ్వు అడిగావు. శాలిసిలిక్ యాసిడ్ అంటుకుపోయిన మందపాటి పొట్టుని వదులు చేస్తుంది, ఫంగస్ జోలికి పెద్దగా పోదు. తారు సోరియాసిస్‌కి కూడా వాడతారు, లేతరంగు జుట్టుకి, దిండు గలీబుకి మరకలు పడతాయి, ఎండకి చర్మం కమిలే గుణం పెరుగుతుంది. ప్రస్తుతం రెండూ నీకు అక్కర్లేదు.

నాలుగు వారాలైనా మార్పు లేకపోయినా, వెండి పొలుసుల్లాంటి మందపాటి పొట్టు నుదుటి మీదికో చెవి వెనక్కో పాకినా, మోచేతుల మీద కూడా కనిపించినా, గుండ్రంగా జుట్టు ఊడినా ఇక నన్ను అడగకు, చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇంకోటి, దులిపితే రాలేది చుండ్రు. వెంట్రుకని పట్టుకుని కదలకుండా ఉంటే అవి ఈపులు, అంటే పేల గుడ్లు, వాటికి ఈ షాంపూలేవీ పనిచేయవు.

తెల్ల సీసా దాచుకో, కెటోకొనజోల్ కోర్సు అయ్యాక మధ్య మధ్య తలంట్లకి అదే వాడుకోవచ్చు. ఆకుపచ్చది కూడా పారేయకు, డబ్బు పెట్టి కొన్నావు. మొదటి తడవ మురికి వదిలించుకోవడానికి సరిపోతుంది.

మీ పెదనాన్న
తెనాలి