గుట్ట మీద పిల్లులు ఒళ్లోకొచ్చి కూర్చుంటే

ప్రశ్న: అక్కా, మేము మియాపూర్‌లో ఉంటాం. మొన్న ఆదివారం సిటీకి గంట దూరంలో ఒక చిన్న గుట్టకి వెళ్లాం, పైన చిన్న గుడి ఉంది, కింద నుంచి పైదాకా ఎక్కడ కూర్చున్నా పిల్లులే, భయమన్నదే లేకుండా వచ్చి కాళ్లకి రుద్దుకుంటున్నాయి. మొదటి మెట్టు దగ్గరే ఒకటి అడ్డంగా పోయిందని మా అత్తయ్య వెనక్కెళ్లిపోదాం అన్నారు, పది నిమిషాలు కార్లో కూర్చుని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాం. పైకెళ్లాక మా పాప (ఆరేళ్లు) ఒకదానికి పాలు పోసి, తాగుతుంటే ఎత్తుకోబోయింది, చేతి మీద రక్కింది, సన్నగా రక్తం కనిపించింది. కారం అద్దుదాం అన్నారు అత్తయ్య, నేను వద్దని నీళ్లతో కడిగాను. అచ్చం పెంపుడు పిల్లిలాగే ఉంది కదా, ఇంజెక్షన్ అవసరమా? పాప మళ్లీ వెళ్దామని ఒకటే గోల. ఆ గుట్ట పేరు కూడా వెయ్యండి, అందరూ చూడాలి.
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లీ, ముందు ఇంజెక్షన్ సంగతి. నీ మెసేజ్ చూసిన రోజే ఫోన్ చేసి చెప్పాను, మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నా. అవసరమే. రేబిస్ కుక్కల వల్లే కాదు పిల్లుల వల్ల కూడా వస్తుంది, అది ఎంత ముద్దుగా ఉందన్నది లెక్కలోకి రాదు. రక్కిన వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ, ఎందుకంటే మనకి 2 నిమిషాలకే చాలా సేపు కడిగేసినట్టు అనిపిస్తుంది. కారం, పసుపు, సున్నం ఏదీ పెట్టకూడదు, నువ్వు వద్దనడం చాలా మంచి పని. తర్వాత అదే రోజు డాక్టర్ దగ్గరికి. టీకా కండలోకి ఇస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో 5 డోసులు, చర్మంలోకి ఇచ్చే చోట 0, 3, 7, 28 రోజుల్లో 4 సార్లు వెళ్లాలి, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అనే ప్రభుత్వ సంస్థ)లో కూడా వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచెయ్యడం మొదలయ్యేలోగా కాపాడే మందు) కూడా ఇవ్వాలి, డాక్టర్ అడక్కపోతే నువ్వే రక్తం వచ్చిందని చెప్పు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అని అత్తయ్య గారు భయపడుతుంటే ఆ రోజులు ఎప్పుడో పోయాయని చెప్పు.

పేరు మాత్రం వెయ్యను, కోపం తెచ్చుకోకు. నేను ఈ జవాబు రాస్తున్నదే అందుకు. పిల్లి కూనకి పుట్టిన 2వ వారం నుంచి 7వ వారం దాకా మనుషుల చెయ్యి తగిలితేనే పెద్దయ్యాక మనిషిని నమ్ముతుంది, ఆ టైమ్‌లో ఎవరూ ముట్టుకోని పిల్లి మనల్ని చూస్తే మామూలుగా బండల సందులో దూరిపోతుంది. మరి ఆ గుట్ట మీద అన్నేసి పిల్లులు వచ్చి కాళ్లకి రుద్దుకుంటున్నాయంటే చిన్నప్పుడు వాటిని ఎవరో ఒకరు చేతుల్లోకి తీసుకున్నారన్నమాట. గుడి దగ్గర తిండి పెట్టి పెంచేవాళ్లైనా ఉండాలి, ఇంట్లో పెంచి తర్వాత అక్కడ వదిలేసి పోయినవాళ్లైనా ఉండాలి. పిల్లులు బాగా ఉండే చోటు అని పేరొస్తే ఈ రెండో రకం పెరుగుతారు. తైవాన్‌లో తైపీ దగ్గర హౌటాంగ్ అని పాత బొగ్గుగనుల ఊరు, గనులు మూతపడి జనం పల్చబడ్డాక అక్కడి పిల్లుల వల్ల టూరిస్టులు ఎగబడ్డారు, ఆ వెనకే తమ పిల్లుల్ని తెచ్చి వదిలేసేవాళ్లూ వచ్చారు. మన దగ్గర జంతువుని ఆకలికీ దాహానికీ వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, కానీ తెల్లారుజామున గుట్ట కింద అట్టపెట్టె పెట్టి పోయేవాణ్ణి పట్టుకునేది ఎవరు?

మళ్లీ వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. ఈసారి పొద్దున ఆరింటికల్లా ఎక్కడం మొదలుపెట్టండి, మన బండలు ఎండెక్కితే పెనంలా కాలతాయి, పాప అరికాళ్లకీ పిల్లి అరికాళ్లకీ కష్టమే. పాలు వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటే నీళ్లు దొరకని గుట్ట మీద అది చాలా ప్రమాదం. పులిహోర, చిప్స్, బిర్యానీ ముక్కలు కూడా వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తాన్ని పాడుచేస్తాయి, పైగా మిగిలిందాని కోసం కోతులు దిగుతాయి. ఒక మట్టి మూకుడు, రెండు లీటర్ల నీళ్లు ఎక్స్‌ట్రా తీసుకెళ్లి నీడలో పెట్టండి చాలు.

పాపకి ఇది నేర్పు: పిల్లి దగ్గరికి మనం వెళ్లం, కింద కూర్చుని వేలు చాపుతాం, అది వాసన చూసి బుగ్గ రుద్దితే అప్పుడు గడ్డం కింద, చెవుల దగ్గర నిమరొచ్చు. పొట్ట ముట్టుకోవద్దు, ఎత్తుకోవద్దు, తింటుంటే అసలే వద్దు. తోక నిటారుగా పెట్టి వస్తే పలకరింపు, తోక అటూ ఇటూ విసురుతుంటే ఇక చాలు అని. ఇంకోటి, చెవుల్ని చూడండి. ఒక చెవి కొన కత్తిరించినట్టు తిన్నగా ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. అక్కడ ఒక్కదానికీ ఆ గుర్తు కనిపించకపోతే గుడి దగ్గర తిండి పెట్టేది ఎవరో అడిగి, బిస్కెట్ ప్యాకెట్లకి పెట్టే డబ్బు ఆపరేషన్లకి ఇవ్వండి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టొచ్చు, 9 వారాలకి ఈనేస్తుంది, ఆ గుట్ట ఎన్నిటికి సరిపోతుంది చెప్పు?

ప్రశ్న: మేడమ్, నేను ఉప్పల్‌లో డిగ్రీ చదువుతున్నా. ఫ్రెండ్స్‌తో గుట్ట ఎక్కుతుంటే సీతాఫలం చెట్టు కింద కళ్లు అప్పుడే తెరిచిన కూన ఒక్కటే అరుస్తూ కనిపించింది. తెచ్చేద్దామనుకున్నా, ఫ్రెండ్ ఆపాడు. తప్పు చేశామా?
– ఒక విద్యార్థి

జవాబు: మీ ఫ్రెండ్ ఆపడం మంచిదైంది బాబూ. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు, చోటు మార్చేటప్పుడు ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని తీసుకెళ్తుంది, మీరు చూసినప్పుడు బహుశా మిగతావాటిని దింపడానికి వెళ్లి ఉంటుంది. మనం పక్కనే నిలబడితే అది రాదు. దూరంగా, కనపడకుండా రెండు మూడు గంటలు ఆగి చూడాలి, అప్పటికీ తల్లి రాకపోతే, ఒళ్లు చల్లబడితే, లేదా చీమలు పడితే అప్పుడు ఎత్తుకోవాలి. గుడ్డలో చుట్టి ముందు వెచ్చగా చెయ్యండి, చల్లగా ఉన్న కూనకి పాలు పట్టకూడదు, ఆవు పాలు అసలే వద్దు, పిల్లి కూనల పాలపొడి వెటర్నరీ డాక్టర్ దగ్గర అడగండి. రాత్రిళ్లు కూడా రెండు మూడు గంటలకోసారి లేచి పట్టాలి, హాస్టల్లో కుదురుతుందా లేదా అన్నది ఎత్తుకోకముందే చూసుకోండి. వీలైతే ఈ వారం ఒకసారి వెళ్లి ఆ చెట్టు కింద చూసి రండి, కూన అక్కడ లేకపోతే చుట్టుపక్కల బండల సందుల్లో అరుపులేమైనా వినిపిస్తాయేమో చూసి నాకు రాయండి.