మీ కుక్కకు గుడ్డు ఎంత, గుమ్మడి ఎంత?

ప్రశ్న: మా లాబ్రడార్ బరువు 25 కిలోలు. రోజూ డ్రై ఫుడ్డే పెడతాం. మొన్న మటన్ కూర కలిపిన అన్నం పెడితే రెండు రోజులు విరేచనాలయ్యాయి. ఇంటి తిండి అసలు పెట్టొద్దా? – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పెట్టొచ్చు, కూర మాత్రం వద్దు. నూనె, కారం కడుపును చెడగొడతాయి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. అందుకే మసాలా వేయకముందే, ఉప్పు లేకుండా ఉడికిన ముక్కలు పక్కకు తీయండి. బొక్కలు వద్దు. ఉడికినవి సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

అదనపు తిండి రోజు కేలరీల్లో పదో వంతు దాటొద్దు. మీ కుక్కకు దాదాపు 100 కేలరీలు: ఒక ఉడికిన గుడ్డు, మూడు చెంచాల ఉడికిన గుమ్మడి గుజ్జు. అంతకు సరిగా డ్రై ఫుడ్‌లో 25 గ్రాములు తగ్గించండి. చాలామంది ఇది మరిచి కుక్కను లావు చేస్తారు.

ఒక్క చెంచాతో, ఒక్క పదార్థంతో మొదలుపెట్టి నాలుగు రోజులు మలం చూడండి. పలుచబడితే ఆపండి. క్యారెట్ మెత్తగా ఉడికించాలి, పచ్చి ముక్కలైతే అరగక అట్లాగే బయటికొస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ ఒక్కటీ వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. సీతాఫలం గింజలు కూడా అందనీయకండి.