వరంగల్‌లో పీహెచ్‌డీ: ఏ సార్ దేనిమీద పనిచేస్తున్నారో ఎలా తెలుస్తుంది?

కాకతీయ యూనివర్సిటీ అయినా, ఎన్‌ఐటీ అయినా, వెబ్‌సైట్‌లో పేరు పక్కన రాసిన స్పెషలైజేషన్ చూసి గైడ్‌ని (మీ పీహెచ్‌డీని పర్యవేక్షించే ప్రొఫెసర్‌ని) ఎంచుకోకండి. అది చాలాసార్లు ఆ సార్ లేదా మేడమ్ తమ పీహెచ్‌డీ ఎందులో చేశారో చెబుతుంది, అంతే. 'రీసెర్చ్ ఇంట్రెస్ట్స్' అంటే ఇప్పుడు పనిచేస్తున్నవి అని అర్థం, కానీ ఆ పేజీని ఏళ్లతరబడి ఎవరూ ముట్టుకోకపోవచ్చు.

అసలు సంగతి శోధ్‌గంగలో బయటపడుతుంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే సంస్థ) నడిపే ఈ సైట్‌లో దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి, గైడ్ పేరుతో వెతికితే వాళ్ల దగ్గర ఎవరెవరు ఏ టాపిక్ మీద చేశారో, ఏ పద్ధతులు వాడారో, మొత్తం మీ ముందుంటుంది. తర్వాత రీసెర్చ్ పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో వాళ్ల గత నాలుగైదేళ్ల పేపర్లు చూడండి. పాతవి ఎన్ని ఉన్నా పెద్దగా లెక్కలోకి తీసుకోనక్కర్లేదు, నా మటుకు.

ఇంకోటి, ఆ గైడ్ దగ్గర సీటు ఖాళీ ఉందా అని ముందే అడగండి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మంది స్కాలర్లే ఉండాలి. రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపే ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదు.