శాలువా సరే, రిహార్సల్‌కి గది ఏదీ?

ప్రశ్న: 2023 డిసెంబర్‌లో మన వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నంది నాటకోత్సవాలు జరిగినప్పుడు మా మావయ్యగారు తీసుకెళ్తే రెండు మూడు నాటకాలు చూశానండి, బానే ఉన్నాయి. కానీ వాన పడితే మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, అది వదిలేసి నాటకాలకి సర్కారు డబ్బులెందుకు? సినిమాకి కొన్నట్టు చూసేవాళ్లే టికెట్ కొనుక్కుంటే పోలా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నాటకాలు ఆపేస్తే మీ వీధి కాలవలో పూడిక తీస్తారని మాత్రం అనుకోకండమ్మా, ఆ ఆశ నాకైతే లేదు.

టికెట్ సంగతికొద్దాం. సినిమా ఒకసారి తీస్తే వంద ఊళ్లలో ఒకేసారి ఆడుద్ది. పద్యనాటకం అలా కాదుగా, ఇవాళ గుంటూరులో వేసి రేపు తెనాలిలో వెయ్యాలంటే అదే కృష్ణుడు, అదే అర్జునుడు, హార్మోనిస్టు, తబలా ఆయన, మేకప్ ఆయన, డ్రస్సుల పెట్టెలు అన్నీ మళ్లీ వ్యాన్ ఎక్కాల్సిందే. 300 కుర్చీల హాల్లో 100 రూపాయల టికెట్ పెట్టి, ఒక్క కుర్చీ ఖాళీ లేదనుకున్నా వచ్చేది 30,000. అందులోంచి హాలు అద్దె, వ్యాన్, మైకు, డ్రస్సుల అద్దె తీసేసి మిగిలింది పదిహేను మందికి పంచండి చూద్దాం. 500 లోపు నాటకం టికెట్‌కి జీఎస్టీ లేదు, అదో మేలు, కానీ నెల రోజులు రిహార్సల్ చేసినదానికి డబ్బులెవరిస్తారు?

ఇది కొత్త గొడవేం కాదు. విజయవాడ నుంచి బస్సెక్కితే చేరిపోయే కూచిపూడిని గోల్కొండ తానీషా అక్కడ నాట్యమాడే భాగవతులకి అగ్రహారంగా రాసిచ్చాడని చెప్పుకుంటారు కదా, చూడండి, ఆయన శాలువా కప్పి పంపెయ్యలా, తిండికి లోటు లేకుండా ఊరే ఇచ్చాడు. గింజలు ఇంటికొస్తుంటేనే పిల్లాడికి కూర్చోబెట్టి తాళం నేర్పే తీరిక ఉంటది.

మనం చేసేది దానికి రివర్సు. మన పక్కనున్న పొన్నెకల్లులో 1920లో పుట్టిన బుర్రకథ నాజర్ గారికి పద్మశ్రీ వచ్చింది 1986లో, అంటే అరవై ఆరేళ్లకి. డప్పు కళాకారులకి రాష్ట్రం నెలకి 4,000 పెన్షన్ ఇస్తోంది, పేద వృద్ధ కళాకారులకి కేంద్రం 6,000 దాకా ఇస్తది, మంచిదే, కాదన్ను. కానీ ఇవన్నీ గొంతు పోయాక వచ్చే డబ్బులండీ, ఇరవై ఏళ్ల కుర్రాడు హార్మోనియం నేర్చుకుంటానంటే వాడికేముంది? నాటక, నృత్య బృందాలకి కేంద్రం ఇచ్చే రెపర్టరీ గ్రాంటు ఒకటుంది, గురువుకీ శిష్యులకీ నెలనెలా ఇస్తారు, నా దృష్టిలో తానీషా పద్ధతికి కాస్త దగ్గరగా ఉన్నది అదొక్కటే.

మీ కోపంలో కొంత న్యాయం ఉంది, ఫ్లెక్సీలకి, స్వాగత తోరణాలకి, దండలకి పోసే డబ్బు చూస్తే నాకూ మండుద్ది. ఓసారి నేను భటుడి వేషం కట్టుకుని ముఖ్య అతిథి కోసం ఆరింటి నుంచి నిలబడితే ఆయనొచ్చేసరికి తొమ్మిదిన్నర, అప్పటికి నా మీసం ఒకవైపు ఊడి వేలాడుతోంది, ఆయన మాత్రం శాలువా కప్పించుకుని పది నిమిషాల్లో కారెక్కేశాడు.

అందుకే డబ్బులు ఇవ్వద్దు అనకండి, దేనికిస్తున్నారో అడగండి. ఎలాగూ నీళ్ల గురించి కార్పొరేషన్‌లో అర్జీ పెడతారుగా, అదే కాగితం మీద కింద ఇంకో లైను కూడా రాయండి, సాయంత్రం ఆరు దాటాక మునిసిపల్ స్కూల్లో ఒక గది రిహార్సల్స్‌కి ఇవ్వమని. కరెంటు బిల్లు తప్ప వాళ్లకి పెద్దగా పోయేదేం లేదు.