పాల లెక్క యాప్‌కు పదిహేను వేలు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఎంసీఏ చదివాను. ఇళ్లకు పాలు పోసేవాళ్లు నెల లెక్క రాసుకోవడానికి సొంతంగా ఒక యాప్ తయారుచేశాను. ప్లే స్టోర్‌లోకి వచ్చి రెండు నెలలైంది. 140 మంది ఇన్‌స్టాల్ చేసుకున్నారు గానీ రోజూ తెరిచేది తొమ్మిది మందే. నా చేతిలో ఇంక పదిహేను వేలే ఉన్నాయి. ఒక సంస్థవాళ్లు పదివేలిస్తే వారంలో పదివేల ఇన్‌స్టాల్స్, మంచి రేటింగ్స్ ఇప్పిస్తామంటున్నారు. మిగిలిన డబ్బుతో అలిపిరి దగ్గర, బస్టాండులో పాంప్లెట్లు పంచుదామనుకుంటున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ సంస్థవాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. ఇంత గట్టిగా చెబుతున్నానంటే ఆ దెబ్బ నేను తిన్నాను కాబట్టే. ఆరేళ్ల కిందట టైలర్లు కొలతలు రాసుకునే యాప్ ఒకటి చేసి, ఇలాంటి మాటే నమ్మి వేరే ఊరివాళ్లకు ఎనిమిది వేలు కట్టాను. వారం తిరిగేసరికి నాలుగు వేల ఇన్‌స్టాల్స్ వచ్చిపడ్డాయి. వాళ్లలో ఒక్కరూ ఒక్క కొలత కూడా రాయలేదు. ఒకే మాట తిప్పి తిప్పి రాసిన రివ్యూలన్నీ తర్వాత ప్లే స్టోర్ నుంచి మాయమయ్యాయి. డబ్బిచ్చి ఇన్‌స్టాల్స్, రేటింగ్స్ తెప్పించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. వాళ్లు తలచుకుంటే యాప్‌నే తీసేస్తారు.

నా యాప్‌కు దారి దొరికింది గాంధీ రోడ్డు పక్క సందులో ఒక టైలర్ అంగట్లో. రెండు మధ్యాహ్నాలు అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన కుడిచేత్తో టేపు పట్టుకుని, ఎడమచేతి బొటనవేలితో అంకెలు కొడుతున్నాడు. "36 కొడితే 39 పడతా ఉంది సార్" అన్నాడు. ఆ రాత్రే అంకెల బొత్తాలు రెండింతలు పెద్దవి చేశాను. నెల లోపల ఆయనే తనకు తెలిసిన ఏడు అంగళ్లలో చూపించాడు. దానికి నాకు పైసా ఖర్చు కాలేదు.

మీరు పంపిన లింక్‌తో మీ యాప్ పెట్టుకుని చూశాను. లెక్కలు తప్పు లేకుండా వస్తున్నాయి, పని బాగుంది. కానీ తెరవగానే ఈమెయిల్, పాస్‌వర్డ్, ఆ వెంటనే కాంటాక్ట్స్ అనుమతి అడుగుతోంది. చాలామంది అక్కడే వెనక్కి పోయి ఉంటారు. ఫోన్ నంబరుతో లోపలికి రానివ్వండి. కాంటాక్ట్స్ అడగడం మానేయండి, కావాల్సిన ఇంటివాళ్ల ఫోన్ నంబరు పాలాయనే కొట్టుకుంటాడు.

రెండోది, రోజూ ఇంటింటికీ లీటర్లు నమోదు చేయమంటున్నారు. ఒక్కసారి తెల్లవారుజామున నాలుగున్నరకు మీ వీధికి పాలు పోసే ఆయన వెంట వెళ్లి చూడండి. బండికి రెండువైపులా క్యాన్లు, చేతిలో కొలత గిన్నె, వేళ్లు తడి. ఫోన్ చొక్కా జేబులో ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. తడి వేలికి స్క్రీన్ సరిగా పలకదు. యాభై ఇళ్ల దగ్గర యాభైసార్లు ఫోన్ తీసే మనిషి ఎవరూ ఉండరమ్మా. చాలా ఇళ్లకు రోజూ పోసే కొలత ఒకటే కదా. అది ఒక్కసారి పెట్టుకుంటే చాలు, తేడా వచ్చిన రోజే నొక్కేటట్టు మార్చండి. చుట్టాలొచ్చి అర లీటరు ఎక్కువ పోయించుకున్నారు, ఊరెళ్లి మూడు రోజులు వద్దన్నారు, అంతే. ఇది మార్చకుండా ప్రచారం మీద రూపాయి పెట్టినా వృథా.

ఇక ప్రచారం. పాలకు అసలు గొడవ వచ్చేది నెల మొదటి వారంలో. "పదిహేడో తేదీ మీరు రాలేదు కదన్నా" అని క్యాలెండర్‌లో గీసుకున్న గీతలు చూపించి ఇంటావిడ, "వచ్చినాను తల్లీ" అని ఈయన. మీ యాప్ నెలాఖరున ఇంటింటికీ తేదీలవారీ బిల్లు బొమ్మగా తయారుచేసి, ఆయన వాట్సాప్ నుంచే పంపేలా చేయండి. బిల్లు కింద చిన్న అక్షరాల్లో మీ యాప్ పేరు, లింక్. ఒక్క పాలాయన వాడితే నెలనెలా యాభై ఇళ్లలో మీ పేరు కనబడుతుంది, అదీ డబ్బులు లెక్కపెట్టుకునే సమయంలో. ఆ యాభై నంబర్లకు మీరు మాత్రం ఎప్పుడూ మెసేజ్‌లు పంపకండి. వాళ్లు నంబరు ఇచ్చింది ఆయనకు, మీకు కాదు.

అందుకే మొదటి నెల పదిమంది పాలవాళ్లు చాలు. కొర్లగుంట, బైరాగిపట్టెడలో పాలు పోసేవాళ్లనే చూసుకోండి. వాళ్లు దొరికేది అలిపిరిలో కాదు. అక్కడా బస్టాండులోనూ ఎక్కువమంది స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు, రేపో ఎల్లుండో వాళ్ల ఊళ్లకు వెళ్లిపోతారు. మీవాళ్లు దాణా అంగళ్ల దగ్గర ఉంటారు. తిరుచానూరు వైపు, చంద్రగిరి వైపు తవుడు, చెక్క అమ్మే అంగళ్లకు వెళ్లి, యజమానిని అడిగి గల్లాపెట్టె పక్కన క్యూఆర్ స్టిక్కర్ అంటించండి. పాలవాళ్లు అక్కడ మూట ఎత్తించుకునే లోపు రెండు నిమిషాలు నిలబడతారు. ఆ స్టిక్కర్‌కు ఒక లింక్, బిల్లుకు వేరే లింక్ పెట్టండి. లింక్ ఎక్కడిదో తెలిపే యూటీఎం అనే గుర్తులు దాని చివర జోడిస్తే ఏ దారిన ఎంతమంది వచ్చారో, యాప్ చేసినవాళ్లు తమ లెక్కలు చూసుకునే ప్లే కన్సోల్‌లో విడివిడిగా కనబడుతుంది.

ప్లే స్టోర్ పేజీ కూడా సరిచేయాలి. పేరుకు 30 అక్షరాలే ఇస్తారు. మీరు అందులో మీ సంస్థ పేరు పెట్టుకున్నారు. తీసేసి 'పాల లెక్క' అన్న మాట పెట్టండి, వెతికేవాళ్లు కొట్టేది అదే. 80 అక్షరాల చిన్న వివరణలో బిల్లు సంగతి చెప్పండి. తెలుగు పేజీ విడిగా చేర్చుకునే వీలుంది, ఖర్చేమీ లేదు. స్క్రీన్‌షాట్లలో మొదటిది తెలుగు బిల్లు కావాలి. రేటింగ్ అడగడం మొదటి బిల్లులు పంపడం పూర్తయ్యాకే. రివ్యూ రాసిన ప్రతి ఒక్కరికీ, తిట్టినవాళ్లకు కూడా, తెలుగులోనే జవాబివ్వండి.

డబ్బు లెక్క ఇది. స్టిక్కర్లకు రెండు వేలు, పెట్రోలుకు రెండు వేలు, ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌కు మూడు వేలు. ఆ ఫోన్ ఎందుకంటే, పాలవాళ్ల ఫోన్లు మీ ఫోన్ లాంటివి కావు, దాని మీద యాప్ ఎంత నెమ్మదిగా తెరుచుకుంటుందో మీరు కళ్లారా చూడాలి. మిగిలిన ఎనిమిది వేలు ముట్టుకోకండి. పదిమందిలో ఏడుగురు రెండో నెల కూడా బిల్లులు పంపితే, అప్పుడు తిరుపతి వరకే కనబడేలా గూగుల్ ప్రకటన రోజుకు రెండొందలు పెట్టి చూడవచ్చు. ఏడుగురు లేకపోతే మానేసినవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎక్కడ ఆగిపోయారో అడిగి తెలుసుకోండి.

రేపు పొద్దున మీ ఇంటికి పాలు పోసే ఆయనతోనే మొదలుపెట్టండి. ఈ నెల లెక్క పాత నోటు పుస్తకంలోనూ యాప్‌లోనూ రెండుచోట్లా రాయించండి. ఒకటో తేదీన రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక, ఆయన ఏమన్నాడో నాకు రాయండి.