మీరు అడిగారు: తెర మీది మనిషి పోయినప్పుడు

పోయిన సంచికలో ఒక టీవీ నటి మరణం గురించి నాలుగు మాటలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. అన్నీ వేయడానికి చోటు లేదు, కొన్ని కుదించి ఇస్తున్నాను. చాలామంది పేరు వేయొద్దని అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్ర: ఆరేళ్లుగా రోజూ చూస్తున్న సీరియల్లో అత్తగారి పాత్ర వేసే నటి హఠాత్తుగా చనిపోయారు. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. "ఆవిడెవరు, నువ్వెవరు? మా పెద్దమ్మ పోయినప్పుడు కూడా నువ్వు ఇంత ఏడవలేదు" అన్నారు మావారు. అది నిజమే, అందుకే ఇంకా సిగ్గేస్తోంది. నాకేమైనా అయిందంటారా? (ఒక గృహిణి)

జ: ఏమీ కాలేదండీ. ఒకసారి లెక్కేసి చూడండి. పెద్దమ్మగారిని ఏడాదికి ఒకసారో రెండుసార్లో చూసి ఉంటారు, అదీ ఏ పెళ్లి హడావుడిలోనో. ఈవిడని వారానికి ఐదారు రోజులు, అరగంట చొప్పున, ఆరేళ్లు చూశారు. కోపం వచ్చే ముందు కొంగు ఎలా సర్దుకుంటుందో, అబద్ధం చెప్పేటప్పుడు ఎటు చూస్తుందో మీకు తెలుసు. ఇది పాత్ర, ఇది మనిషి అని విడదీసి దాచుకోవడం మనసుకి రాదు, రోజూ ఎదురుగా కనిపించే మొహాన్ని అది మనవాళ్లలో కలిపేసుకుంటుంది. టీవీ ఇంకా కొత్తగా ఉన్న 1956లోనే డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు దీని గురించి రాశారు. తెర మీది మనిషి మన వైపే చూస్తూ మనతోనే మాట్లాడుతున్నట్టు ఉంటాడు కాబట్టి రోజులు గడిచేకొద్దీ చూసేవాళ్లకి దగ్గరి పరిచయస్తుడైపోతాడనీ, అయితే ఆ స్నేహం ఒకవైపు నుంచే నడుస్తుందనీ వాళ్లు చెప్పిన మాట. ఒకవైపు నుంచే అయినా ఏడుపు మాత్రం నిజమైనదేనని నా నమ్మకం.

మా అమ్మ సంగతి చెప్తాను. ఆవిడ చూసే సీరియల్లో తాతయ్యగా వేసే ఆయన పోయారు. ఓ వారానికి అదే పాత్రలో ఇంకొకాయన వచ్చారు. "ఇకపై ఈ పాత్రలో" అని కింద ఒక లైను పడింది, మనవరాలు వచ్చి మందులిచ్చింది, ఆయన వేసుకున్నారు, సీన్ నడిచిపోయింది. మా అమ్మ రిమోట్ చేతిలో పట్టుకుని "కుర్చీ కూడా మార్చలేదే" అంది. తర్వాత చాలా రోజులు ఆ కుర్చీ కనబడినప్పుడల్లా మాట్లాడుతున్నది ఆపేసేది. మా నాన్న పోయి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. నాన్న పోయినప్పుడు వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ పక్కలూ భోజనాలూ చూసుకుంటూ తిరిగిందే తప్ప కూర్చుని ఏడవడానికి ఆవిడకి తీరిక దొరకలేదు. పెద్దమ్మగారు పోయిన రోజున మీ పరిస్థితి కూడా అదే అయ్యుండొచ్చు. ఆ రోజు ఆగిపోయిన ఏడుపు ఇప్పుడు టీవీ ముందు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, దారి చూసుకుని బయటికొచ్చింది. ఈ పేజీ మీవారికి కూడా చూపించండి.

ప్ర: సినిమావాళ్లో టీవీవాళ్లో పోతే మూడు రోజులు అదే వార్త. అంతకంటే గొప్ప పని చేసినవాళ్లు పోతే కింద స్క్రోలింగ్‌లో ఒక లైను. ఇది అన్యాయం కాదా? (డిగ్రీ విద్యార్థి)

జ: అన్యాయమే బాబూ. 1997 ఆగస్టు 31న డయానా పారిస్‌లో కారు ప్రమాదంలో పోయారు, 36 ఏళ్ల వయసు. సెప్టెంబరు 5న కోల్‌కతాలో మదర్ థెరిసా పోయారు. ఆ మర్నాడే డయానా అంత్యక్రియలు, ప్రపంచమంతా టీవీల ముందే ఉంది. 2009 జూన్ 25 ఇంకా దారుణం. 1970లలో అమెరికా టీవీకి పెద్ద స్టార్ అయిన ఫారా ఫాసెట్ ఆ ఉదయం 62వ ఏట క్యాన్సర్‌తో చనిపోయారు. తన చికిత్సనంతా తనే వీడియో తీయించుకున్నారు, అది టీవీలో వచ్చి నెల దాటిందంతే. అదే రోజు మధ్యాహ్నం మైకేల్ జాక్సన్ పోయారు. ఇక ఆవిడ ఊసెత్తినవాళ్లు తక్కువ. చావు ఎంత హఠాత్తుగా వచ్చింది, పోయినవాళ్ల వయసెంత, చూపించడానికి ఎన్ని వీడియోలున్నాయి, చానళ్లు చూసేది ఇవే. నువ్వు గొప్పవాళ్లనుకున్నవాళ్లు పోతే నువ్వే ఒక పేజీ రాసి నలుగురికీ పంపు. నలుగురు చదివినా చదివినట్టే.

ప్ర: మరణవార్త వచ్చిన పది నిమిషాలకే ఆ మనిషి జీవితం మీద అరగంట కార్యక్రమం ఎలా వేయగలుగుతారు?

జ: ముందే తయారుచేసి పెట్టుకుంటారు. పత్రికల్లో ఇది పాత పద్ధతే. 2011 మార్చిలో నటి ఎలిజబెత్ టేలర్ చనిపోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ప్రధాన నివాళి వ్యాసం మెల్ గుస్సో పేరుతో వచ్చింది. ఆయన 2005లోనే పోయారు.

ప్ర: రియాలిటీ షోలలో పేరొచ్చినవాళ్లు పెళ్లి, పురుడు, చివరికి జబ్బుని కూడా కెమెరా ముందు పెట్టి డబ్బు చేసుకుంటున్నారు. రేపు చావుని కూడా అమ్ముకుంటారా? చూస్తుంటే అసహ్యంగా ఉంది. (రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

జ: మాస్టారూ, మీ బాధ నాకర్థమైంది, కానీ ఒకమ్మాయి కథ చెప్పాలి. జేడ్ గూడీ అని బ్రిటన్‌లో ఒక డెంటల్ నర్సు. 2002లో బిగ్ బ్రదర్ షోకి వెళ్లింది. లోకజ్ఞానం లేదని, మాట తీరు బాగాలేదని పత్రికలు ఆమెని ఆడిపోసుకున్నాయి, ఆ తిట్లతోనే పేరొచ్చింది. 2007లో సెలబ్రిటీ బిగ్ బ్రదర్‌లో శిల్పాశెట్టితో ఆమె ప్రవర్తించిన తీరు జాత్యహంకారమని పెద్ద గొడవైంది, అందులో తప్పు ఆమెదే, క్షమాపణ కూడా చెప్పింది. 2008 ఆగస్టులో హిందీ బిగ్ బాస్ రెండో సీజన్‌కి వచ్చింది. ఆ షోకి హోస్ట్ శిల్పాశెట్టే. హౌస్‌లో ఉండగానే ఆమెకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని కబురు చెప్పారు. షో వదిలేసి వెంటనే తన దేశానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత చివరి నెలలన్నీ కెమెరాల ముందే గడిపింది. 2009 ఫిబ్రవరిలో పెళ్లి చేసుకుని ఆ పెళ్లి ఫొటోల హక్కులూ వీడియో హక్కులూ అమ్మింది. ఇదంతా నా ఇద్దరు కొడుకుల కోసం అని దాపరికం లేకుండా చెప్పింది. మార్చి 22న పోయింది, అక్కడ ఆ రోజు మదర్స్ డే. వయసు 27. ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లి, నెలలు లెక్కపెట్టుకుంటున్న మనిషి, అమ్ముకోవడానికి ఆమె దగ్గర ఉన్నది జనం గుర్తుపట్టే మొహం ఒక్కటే. దాన్ని అమ్మి పిల్లల పేరు మీద వేసింది. నాకు ఆమె మీద అసహ్యం వేయడం లేదు, మాస్టారూ. ఆమె ఇంకా ఊపిరి పీలుస్తుండగానే పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం అచ్చేసి సంస్మరణ సంచిక అమ్మిన పత్రిక ఒకటుంది, నా అసహ్యమంతా దాని మీదే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె జబ్బు వార్త బయటికొచ్చిన ఏడాదిలో ఇంగ్లండ్‌లో మామూలుగా వచ్చేవాళ్లకంటే లక్షల మంది ఆడవాళ్లు ఎక్కువగా ఆ క్యాన్సర్ పరీక్షకి వెళ్లారు. పరీక్షకి రమ్మని వచ్చిన కాగితాన్ని అంతకుముందు పక్కన పడేసినవాళ్లు వాళ్లలో ఎందరో. ఆమె ఆ ఒక్క పనీ చేసి వెళ్లినా నాకు చాలు.

ప్ర: ఎవరైనా సెలబ్రిటీ పోతే ఆ వీడియోలన్నీ వరసగా చూస్తాను, ఇంటివాళ్లు ఏడ్చేవి కూడా. తర్వాత నా మీద నాకే కోపం వస్తుంది. ఎలా మానుకోవాలి?

జ: నేనూ చూశానండీ, అబద్ధం ఎందుకు. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయ్‌లో పోయినప్పుడు స్టూడియోల్లో బాత్‌టబ్ బొమ్మలు వేసి మరీ వివరిస్తుంటే చానల్ మార్చకుండా కూర్చున్నాను. నేను మానింది ఇంకోసారి, ఇంకెవరి ఇంటి ముందో తీసిన వీడియోతో. కారు దిగిన కొడుకు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కెమెరా చుట్టూ తిరిగి రెండో వైపు నుంచి వచ్చింది. అతను రెండో చెయ్యి కూడా పెట్టాడు. ఆ వేళ్ల సందుల్లోంచి కనిపిస్తున్న కళ్ల మీదికి జూమ్ చేశారు. అక్కడ ఆపేశాను. అప్పటి నుంచి ఎవరైనా పోతే వాళ్లు బతికున్నప్పుడు చేసిన పని ఏదో ఒకటి పెట్టుకుని చూస్తున్నాను, ఒక సీన్, ఒక ఇంటర్వ్యూ, ఒక పాట, ఏదైనా. చూడాలన్న ఆ ఆరాటం దాంతోనే తీరుతుంది. మీరూ చేసి చూడండి.

ప్ర: పాతికేళ్ల క్రితం ఒక సీరియల్లో ఏడాదిన్నర పాటు చేశాను. అప్పట్లో బస్సెక్కితే లేచి సీటిచ్చేవారు. ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, ఆ సీరియల్ టేపులు కూడా లేవని చెప్పారు. ఈమధ్య ఆరోగ్యం బాగుండడం లేదు. నేను పోతే ఎవరైనా రెండు లైన్లు రాస్తారా అని రాత్రిళ్లు అదే టెన్షన్. (ఒకప్పటి నటుడు)

జ: మీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను సార్. ముందు ఆరోగ్యం సంగతి ఇంట్లోవాళ్లకి చెప్పండి, డాక్టర్‌కి చూపించుకోండి, దాన్ని వాయిదా వేయకండి.

టేపుల గురించి నాకు తెలిసిన ఒక విషయం చెప్తాను. 1960లలో బీబీసీలో వచ్చిన డాక్టర్ హూ సీరియల్ ఎపిసోడ్లు చాలా పోయాయి. అప్పట్లో టేపు ఖరీదు, ఒకటి చెరిపి దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవారు. బొమ్మ పోయింది గానీ మాటలు మిగిలాయి. అవి కంపెనీ దాచినవి కావు. కొందరు ప్రేక్షకులు ఇంట్లో కూర్చుని, టీవీలో వస్తున్న శబ్దాన్ని టేప్ రికార్డర్‌లో పట్టుకున్నారు. ఆ నటుల్లో ఎంతోమంది ఇప్పుడు లేరు, గొంతులు మాత్రం వినిపిస్తున్నాయి. మీ సీరియల్‌ని కూడా ఎవరో ఒకరు ఇంట్లో వీడియో క్యాసెట్‌లో రికార్డు చేసి ఉండొచ్చు, ఏ అటక మీదో పడి ఉండొచ్చు. లేకపోయినా చూసినవాళ్లు ఉన్నారు, వాళ్లకిప్పుడు నలభై, యాభై ఏళ్లుంటాయి.

కానీ మీరు ఉత్తరంలో సీరియల్ పేరు రాయలేదు, మీ పాత్ర పేరు కూడా రాయలేదు. ఈసారి ఆ రెండూ రాయండి, అప్పటి ఫొటో ఉంటే జత చేయండి. వచ్చే సంచికలో ఇదే పేజీలో వేస్తాను. చూసినవాళ్లు రాసిన ఉత్తరాలన్నీ మీ ఇంటికే పంపిస్తాను.