తెర వెనుక నుంచి మొదలుపెట్టు

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం రంగస్థల కళల విభాగంలో నీకు సీటు వచ్చిందని అన్నయ్య ఫోను చేసి చెప్పాడు. ఆయన గొంతులో సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. ఆ భయం సంగతి చివర్లో రాస్తాను. ముందు నీతో మాట్లాడాలి.

నువ్వు నటన మీద ఇష్టంతో వెళ్తున్నావు. నా జీవితమంతా స్టేజీ మేనేజరుగా, ఆ తర్వాత ఆ పని నేర్పే అధ్యాపకురాలిగా సైడ్ వింగుల్లోనే, అంటే వేదికకు పక్కన ప్రేక్షకులకు కనిపించని చోటే గడిచింది. కాబట్టి నేను తెర వెనుక పని గురించే చెబుతానని నువ్వు ముందే ఊహించి ఉంటావు. నిజమే, అదే చెబుతున్నాను. మొదటి ఏడాది వేషాల కోసం పోటీ పడకు. సెట్టు, దుస్తులు, లైట్లు, ప్రాపర్టీలు (నాటకంలో వాడే వస్తువులు) ఏ పని ఇస్తే ఆ పని చెయ్యి. మంచి నటివి కావాలని గట్టిగా కోరుకుంటున్నావు గనుకే నీకీ మాట చెబుతున్నాను.

నాట్యశాస్త్రంలో అభినయం నాలుగు విధాలు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. విద్యార్థులు ఈ నాలుగూ గడగడా అప్పజెబుతారు, మూడోదాన్ని మాత్రం దర్జీకీ మేకప్ మనిషికీ వదిలేస్తారు. దుస్తులు, నగలు, ముఖానికి వేసే రంగు, వేదిక మీద పెట్టే వస్తువులు అన్నిటినీ భరతుడు అభినయంలోనే చేర్చాడు. కట్టు మారితే నడక మారుతుంది. తొమ్మిది గజాల చీరతో ఒక్కసారైనా రిహార్సల్ చేయని అమ్మాయి ప్రదర్శన నాడు సెట్టు మీది మెట్టు దగ్గర తడబడుతుంది. డైలాగు ఎంత బాగా చెప్పినా ప్రేక్షకులకు గుర్తుండేది ఆ తడబాటే. దుస్తుల విభాగంలో పని పడితే నీకు ఇవన్నీ చేతికి వస్తాయి. రెండు రంగాల మధ్య అర నిమిషంలో చీర మార్చాలంటే కుచ్చిళ్లు ముందే కుట్టి ఉంచాలి, జాకెట్టుకు హుక్కుల బదులు వెల్‌క్రో వేయాలి, చీకట్లో సాయపడే మనిషి ఎటువైపు నిలబడాలో కూడా రిహార్సల్ చేయాలి.

ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల 1959లో మొదలైంది. 1962 నుంచి 1977 వరకు దాని డైరెక్టరుగా ఉన్న ఇబ్రహీం అల్కాజీ నటులకు కూడా రంగస్థల నిర్మాణమంతా నేర్పించారు. ఈ దేశంలో నాటకాన్ని చదువుగా నిలబెట్టిన పద్ధతి అది.

నీకు వీలైతే ఒక నాటకానికైనా స్టేజీ మేనేజరుగా పని చెయ్యి. నాటకం నడిపించడానికి స్టేజీ మేనేజరు దగ్గర ఉండే ప్రాంప్ట్ బుక్ ఎలా తయారు చేస్తారో చెబుతాను. పెద్ద నోటు పుస్తకంలో స్క్రిప్టు పేజీలు ఒకవైపు అంటించి ఎదురు పేజీ ఖాళీగా ఉంచాలి. ఎవరు ఎటునుంచి ప్రవేశించారు, ఏ మాట మీద కూర్చున్నారు, ఏ మాటకు లైటు మారాలి, ఏ మాటకు ఉరుము వినిపించాలి అన్నీ ఆ ఖాళీ పేజీలో రాయాలి. పెన్సిల్‌తోనే రాయి, ఎందుకంటే చివరి టెక్నికల్ రిహార్సల్ దాకా అవి మారుతూనే ఉంటాయి. కుడి, ఎడమ అంటే ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడిన నటుడి కుడి, ఎడమ అని లెక్క. ప్రదర్శన నడుస్తుండగా హెడ్‌సెట్‌లో నువ్వు ‘స్టాండ్‌బై లైట్ 14’ అంటావు, అంటే పద్నాలుగో లైటు మార్పుకు సిద్ధంగా ఉండమని. లైట్ల దగ్గరున్నవాళ్లు ‘స్టాండ్‌బై’ అని బదులు చెప్పాలి. సరిగ్గా ఆ మాట దగ్గర నువ్వు ‘గో’ అనాలి. ఆ రెండు గంటలూ ‘గో’ అన్న మాటను ఇంక దేనికీ వాడకూడదు. ‘ఇక్కడ గో అంటావా?’ అని ఎవరైనా సందేహం అడిగినా చాలు, రంగం మధ్యలో చీకటి పడిపోతుంది.

ఇలా ఒక్క నాటకానికి క్యూలు, అంటే ఈ సంకేతాలు చెప్పిన అమ్మాయి, తర్వాత తానే వేదిక ఎక్కినప్పుడు వాక్యం చివరి మాటను తోచినట్లు మార్చి చెప్పదు. ఆ మాట కోసం ఎన్ని చేతులు కాచుకుని ఉన్నాయో ఆమెకు తెలుసు. తోటి నటుడు మాట మరిచిపోతే కథ తెగకుండా అందుకోవడమూ ఆమెకే బాగా వస్తుంది, ఎందుకంటే ఆమెకు తన వేషమే కాదు, నాటకమంతా నోటికి వచ్చి ఉంటుంది.

లైట్ల దగ్గర పనిచేసేటప్పుడు లెక్క కావాలి. 1000 వాట్ల లైటు 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. 15 ఆంపియర్ల సాకెట్టు మీద అలాంటివి మూడు వెలుగుతాయి. నాలుగోది తగిలిస్తే ఫ్యూజు పోవాలి, లేదా వైరు కాలాలి. ఊళ్లలో పాత హాళ్లకు వెళ్లినప్పుడు ముందు చూడవలసింది వేదిక అందం కాదు, ఆ హాలుకు కరెంటు ఎంత వస్తుందో చూడు. పైన వేలాడే ప్రతి లైటుకూ క్లాంపుతో పాటు సేఫ్టీ చైను ఉండి తీరాలి. లేకపోతే దాని కింద నిలబడనని చెప్పు, దర్శకుడు ఎంత పెద్దవాడైనా సరే.

నటిగా నీకు ఉపయోగపడే సంగతి మరొకటి ఉంది. పాత హాలోజన్ లైట్లు వేడిగా తగిలేవి, వెలుగు ఎక్కడ నిండుగా ఉందో చెంపకే తెలిసిపోయేది. ఎల్‌ఈడీలకు ఆ వేడి లేదు. అందుకని రిహార్సల్‌కు ముందు లైట్లు వేయించుకుని, అరచేయి ముఖం ముందు పెట్టుకుని వేదిక మీద నెమ్మదిగా నడు. అరచేతి మీద వెలుగు ఎక్కడ పలచబడుతుందో గుర్తుపెట్టుకో. రెండు అడుగులు పక్కన నిలబడి, చీకట్లో అద్భుతంగా నటించే పిల్లలను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

మీ క్యాంపస్‌కు దగ్గర్లోనే, లింగంపల్లి వైపు, సురభి కుటుంబాలు ఉండే కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించినప్పటి నుంచి ఆ కుటుంబాలు తరతరాలుగా నాటకం మీదే బతికాయి. మిగతా చోట్ల ఆడవేషాలు మగవాళ్లు కట్టే కాలంలోనే వాళ్ల ఆడవాళ్లు వేదిక ఎక్కారు. మొదటి నెలలోనే వాళ్ల మాయాబజార్ చూడు. ఒకసారి ముందు వరసలో కూర్చుని చూడు, రెండోసారి అనుమతి అడిగి వింగులో నిలబడి చూడు. ముందు నుంచి బాణాలు గాలిలో ఢీకొంటాయి. వింగులోంచి చూస్తే తీగ పట్టుకున్న మనిషి, నటుడు విల్లు ఎత్తే క్షణం కోసం ఊపిరి బిగబట్టి చూస్తుంటాడు. ఆయనా నటిస్తున్నట్లే లెక్క. 1990ల్లో కన్నడ నాటకరంగ ప్రముఖుడు బి.వి. కారంత్ గారంతటి దర్శకుడు వచ్చి సురభి వారితో కలిసి పనిచేశారు. నాటకం చదివే పిల్లలు వాళ్లను పాతకాలపు వింతగా చూడటం నాకు నచ్చదు. పరిషత్తు పోటీల్లో ఆడే నాటికల విషయంలోనూ అంతే. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఇప్పటికీ పరిషత్తు పోటీలలో ఒక నాటికకూ మరో నాటికకూ మధ్య దొరికే కొద్ది నిమిషాల్లో సెట్టు మొత్తం విప్పి, కొత్తది నిలబెడతారు. ఆ క్రమశిక్షణ ఏ వర్క్‌షాపులోనూ దొరకదు.

గొంతు గురించి రోజూ శ్రద్ధ పెట్టు. అరవడం వేరు, వినిపించడం వేరు. పొట్ట నిండా ఊపిరి తీసుకుని, చివరి వరసలో కూర్చున్న ముసలాయనకు చెబుతున్నట్లు చెప్పు. ఒత్తులు, శ ష స లు తేడా లేకుండా పలికే అలవాటు సినిమాల వల్ల మనలో చాలామందికి వచ్చింది. పొద్దున్నే పద్యాలు గట్టిగా చదువు, రాగం లేకుండా. పొడవైన సమాసాన్ని విరవకుండా ఒక్క ఊపిరిలో చెప్పగలిగిననాడు ఆధునిక నాటకంలోని చిన్న చిన్న వాక్యాలు నీ నోట్లో బిగువుగా నిలుస్తాయి. మీ తరగతిలో దేశం నలుమూలల పిల్లలు ఉంటారు, పాఠం ఇంగ్లీషులో నడుస్తుంది. ఇంప్రొవైజేషన్, అంటే స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు కల్పించి నటించడం, చేయమన్నప్పుడు తెలుగులో చేస్తానని అడుగు, మొహమాటపడకు. కోపం, ఏడుపు ముందు సొంత భాషలోనే వస్తాయి.

చదవడం విషయంలో ఒక్కటే చెబుతాను. కన్యాశుల్కం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఏ పాత్ర ఎక్కడ పెరిగిందో, ఏ రంగం ఎందుకు కొత్తగా వచ్చిందో నీకు నువ్వే రాసుకో. నాటక రచన గురించి నేను చెప్పగలిగే పాఠాలన్నీ అందులో ఉన్నాయి.

ఇక ఆడపిల్లవి గనుక తప్పక చెప్పవలసినవి. రిహార్సళ్లు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. హాస్టలు అనుమతి ముందే కాగితం మీద తీసుకో, ఒంటరిగా తిరిగి రాకు. సన్నివేశంలో ఒకరినొకరు తాకవలసి వస్తే ఎక్కడ, ఎలా అన్నది ముందే మాట్లాడుకుని, ప్రతిసారీ అలాగే చేయాలి. ఒప్పుకోనిది ఎవరైనా చేస్తే అక్కడికక్కడే రిహార్సల్ ఆపు. ‘కళ కోసం’ అన్న మాటకు లొంగకు. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం ప్రతి విద్యాసంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మీ దగ్గర ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన వారంలోనే తెలుసుకుని పెట్టుకో.

ఇప్పుడు అన్నయ్య భయం. ఆయన అడిగేది న్యాయమైన ప్రశ్నే. నాటకంలో నటన మీద మాత్రమే ఇల్లు గడవడం చాలా కష్టం, ఆ మాట నీ దగ్గర దాచను. కానీ లైటింగ్ తెలిసినవాళ్లకు, స్టేజీ మేనేజర్లకు, దుస్తుల పని వచ్చినవాళ్లకు సభలలో, పాఠశాలల్లో, సినిమాలలో, టీవీలో పని దొరుకుతుంది. నిన్ను తెర వెనుక పని నేర్చుకోమనడానికి ఇదీ ఒక కారణం. డబ్బింగు ఉంది, బడుల్లో నాటకం నేర్పే ఉద్యోగాలు ఉన్నాయి. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో నాటక రంగం ఉంది, అది రాస్తే అధ్యాపకవృత్తికి దారి దొరుకుతుంది. కేంద్ర సంస్కృతి శాఖ 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇచ్చే ఉపకార వేతనం ఉంది. ప్రకటన వెలువడగానే దరఖాస్తు పెట్టు, వయసు దాటనివ్వకు. ఇవన్నీ నేనే అన్నయ్యకు విడిగా చెబుతాను, ఆయనతో నువ్వు వాదించకు.

వెళ్లేటప్పుడు నల్ల చొక్కా, నల్ల ప్యాంటు రెండు జతలు, చప్పుడు చేయని బూట్లు, చిన్న టార్చి, పెన్సిళ్లు, రబ్బరు సర్దుకో. మొదటి ప్రొడక్షన్‌లో నీకు ఏ పని ఇచ్చారో వెంటనే రాయి. సెట్టు పని అయితే నా కొలత టేపు, స్పిరిట్ లెవెల్, చేతి తొడుగులు కొరియర్‌లో పంపిస్తాను, కొత్తవి కొనవద్దు.

ఆశీస్సులతో,
మీ అత్త